ముందు బ్రౌజర్, తరవాతే లినక్స్

2025 అక్టోబర్ 14న విశాఖపట్నంలో రెండు కబుర్లు ఒకేసారి దిగాయి. ఒకటి ఊరంతా మాట్లాడుకున్నదే. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖలో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. రెండోది గాజువాకలో మా పెదనాన్న భోజనాల బల్ల మీదికొచ్చింది. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, ఆ సంగతి ఆయన లాప్‌టాప్ తెర మీద ప్రత్యక్షమైంది.

"ఏటిరా ఇది? రేపట్నుంచి పన్జెయ్యదా?" అని ఫోను.

అది ఆయన స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఏడాది, 2016లో కొన్న లాప్‌టాప్. ఐ3, ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. ద్వారకానగర్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే "దీనికి విండోస్ 11 ఎక్కదు అంకుల్, కొత్తది తీసేసుకోండి" అన్నారట. ఎక్కదన్నది నిజమే. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం, ఆ తరవాతవి అడుగుతుంది, దానితోపాటు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పూ ఉండాలంటుంది. కానీ ఎక్కకపోతే పారెయ్యాలన్నది షాపువాళ్ల లెక్క, మన లెక్క కాదు.

సపోర్ట్ అయిపోయిందంటే కంప్యూటర్ ఆగిపోదు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు, అంతే. తలుపుకి గొళ్లెం ఊడితే వడ్రంగి రాడన్నమాట. ఒకట్రెండు నెలలు ఏమీ కాకపోవచ్చు, బ్యాంకు పనులు చేసుకునే మెషీన్ మీద మాత్రం ఆ ధీమా పనికిరాదు. ఇళ్లలో వాడుకునేవాళ్లకి మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలిచ్చింది, దానికి విడిగా నమోదు చేసుకోవాలి. కాబట్టి కంగారు పడి ఆ రాత్రికి రాత్రే ఏదో చేసెయ్యక్కర్లేదు.

ఇక్కడే చాలామంది చిక్కుపడతారు. ఎవరో "లినక్స్ వేసుకో" అంటారు. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఏ లినక్స్ అని వెతికితే పాతిక పేర్లు. అందులో ఏ బ్రౌజర్ అంటే ఇంకో పది. టెర్మినల్ అంటారు, పార్టిషన్ అంటారు, ఉన్న ఫోటోలు పోతాయంటారు. నాలుగు ప్రశ్నలు ఒకేసారి మీద పడితే మనిషి లేచి వెళ్లి టీవీ పెట్టుకుంటాడు. నేను చెప్పేదల్లా వరస గురించి. ముందు బ్రౌజర్ తేల్చుకోండి. అది తేలితే లినక్స్ సగం తేలినట్టే.

ఎందుకంటారా? పెదనాన్నని ఒక వారం పాటు కంప్యూటర్‌లో ఏం చేస్తే అది క్యాలెండర్ కాగితం వెనక రాయమన్నాను. ఆయన లెక్క మనిషి, రాశారు. బ్యాంకు, కరెంటు బిల్లు, రైలు టికెట్లు, తిరుమల టికెట్లు, మెయిల్, యూట్యూబ్‌లో ప్రవచనాలు, అమెరికాలో మనవరాలితో వీడియో కాల్, రిటైరైనవాళ్ల సంఘానికి తెలుగులో ఉత్తరాలు, వాటి ప్రింట్లు. మొత్తం తొమ్మిది. అందులో మొదటి ఏడూ బ్రౌజర్‌లోనే జరిగిపోతాయి. వాటి వరకు కింద విండోస్ ఉందా లినక్స్ ఉందా అన్నది ఆయనకి కనబడదు కూడా. మిగిలిన రెంటి కోసమే అసలు ఆలోచించాలి. మీరూ ఆ కాగితం రాసి చూడండి.

సరే, బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, ఫైర్‌ఫాక్స్, సఫారీ అని పేర్లు ఇన్ని వినబడినా లోపల తిరిగే ఇంజన్లు ముఖ్యంగా మూడే. వెబ్‌సైట్ పంపిన కోడ్‌ని చదివి, మనం చూసే పేజీగా గీసిపెట్టేదే ఇంజన్. సఫారీది వెబ్‌కిట్. ఫైర్‌ఫాక్స్‌ది గెక్కో. మిగతా ఐదింటిలో ఉన్నది గూగుల్ ముందుండి నడిపే బ్లింక్ ఒక్కటే. వీధి చివర ఐదు టిఫిన్ బళ్లూ ఒకే మిల్లులో రుబ్బిన పిండి తెచ్చుకున్నట్టు. దోసె అదే, చట్నీలు వేరు. ఒకరు ప్రకటనలు ఆపే ఏర్పాటు లోపలే పెట్టారు, ఒకరు ట్యాబులు పక్కకి పేర్చారు, ఒకరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ముడేశారు.

ఆ పిండి వెనక నాకు భలే ఇష్టమైన పిట్టకథ ఒకటుంది. 1998 ప్రాంతంలో కేడీఈ అనే బృందం లినక్స్ డెస్క్‌టాప్ కోసం కాంకరర్ అనే బ్రౌజర్ మొదలుపెట్టింది. దాని ఇంజన్ పేరు కేహెచ్‌టీఎంఎల్. కోడ్ అందరికీ తెరిచే ఉంది కాబట్టి యాపిల్ తీసుకుని, దాని మీద వెబ్‌కిట్ కట్టి, 2003లో సఫారీ తెచ్చింది. 2008లో గూగుల్ వెబ్‌కిట్ తీసుకుని క్రోమ్ చేసింది, 2013లో వేరు కాపురం పెట్టి దానికి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన సొంత ఇంజన్ వదిలేసి అదే పిండితో కొత్త ఎడ్జ్ పోసింది. అంటే విండోస్‌తోపాటు వచ్చే ఎడ్జ్‌కి ముత్తాత ఊరు లినక్సే. "లినక్స్‌లో క్రోమ్ వస్తుందా అండీ?" అని భయంభయంగా అడిగేవాళ్లకి ఈ కథ చెబుతుంటాను. క్రోమ్ వస్తుంది, ఎడ్జ్ కూడా వస్తుంది.

అయితే అందరూ ఒకే ఇంజన్ వాడితే నష్టమేంటి? ఇంటర్నెట్ సెంటర్ల రోజులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోని ప్రభుత్వ సైట్లతో ఎన్ని తిప్పలు పడ్డామో. ఆ బ్రౌజర్‌ని 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే సాగనంపింది. ఇప్పుడు ఆ కుర్చీలో బ్లింక్ కూర్చుంటోంది. అందుకు ఒక ఉదాహరణ యాడ్ బ్లాకర్లు, అంటే ప్రకటనలు ఆపడానికి బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. ఇలా తగిలించేవాటినే ఎక్స్‌టెన్షన్లు అంటారు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలను మార్చింది, కొత్త నియమాల పేరు మేనిఫెస్ట్ వీ3. దానివల్ల యూబ్లాక్ ఆరిజిన్ అనే పేరున్న బ్లాకర్ 2024, 25లలో క్రోమ్‌లో ఆగిపోయింది. లైట్ అనే పలచటి రూపం మాత్రం దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి యూబ్లాక్ నడుస్తోంది. ప్రకటనలతో బతికే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే నిర్ణయాలు ఎటు మొగ్గుతాయో ఎవరైనా ఊహించగలరు.

అలాగని ఫైర్‌ఫాక్స్‌ని నెత్తిన పెట్టుకోమనను. దాన్ని తయారుచేసే మొజిల్లాకి వచ్చే డబ్బులో పెద్ద వాటా గూగుల్ నుంచే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్‌ని ముందుగా పెట్టినందుకు. కొన్ని బ్యాంకుల సైట్లు దానిలో మొరాయిస్తాయి కూడా. అందుకే నా సలహా ఒకటి కాదు, రెండు బ్రౌజర్లు. రోజువారీకి ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్. మొండికేసే సైట్లకి మాత్రం క్రోమ్. సైట్లు కట్టేవాళ్లు చాలామంది క్రోమ్‌లోనే సరిచూసి వదిలేస్తారు, కాబట్టి ఆ పనికి అదే నయం. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఏ బ్రౌజర్ తేలిక అని తెగ వాదించుకుంటారు గానీ, బరువంతా బ్రౌజర్‌ది కాదు, పేజీల్లో వచ్చే ప్రకటనలదీ వీడియోలదీనూ. వాటిని ఆపడం, పద్దెనిమిది ట్యాబులు తెరిచి ఉంచకపోవడం, ఈ రెండూ బ్రౌజర్ మార్చడం కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

ఇప్పుడు అసలు చిట్కా. ఈ రెంటినీ ఇంకా విండోస్‌లో ఉండగానే పెట్టుకోండి. క్రోమ్‌లో ఉన్న బుక్‌మార్కులు ఫైర్‌ఫాక్స్ తనే లాక్కుంటుంది, పాస్‌వర్డ్‌లను మాత్రం ఫైలుగా దించి ఎక్కించాల్సి రావచ్చు. మొజిల్లా అకౌంట్ ఒకటి తెరిచి సింక్ పెట్టేస్తే అవన్నీ రేపు లినక్స్‌లో సైన్ ఇన్ అవగానే దిగుతాయి. సింక్ వద్దనుకుంటే పాస్‌వర్డ్‌లను ఫైలుగా దించుకోవచ్చు, కానీ ఆ ఫైల్లో అన్నీ బాహాటంగా, ఎవరైనా చదివేలా ఉంటాయి. పని కాగానే చెరిపెయ్యాలి, పెన్‌డ్రైవ్‌లోంచి కూడా. ఇలా రెండు వారాలు వాడాక పెదనాన్న ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది ఒక్కదాని మీదే, "యూట్యూబ్‌లో మధ్యలో సబ్బు ప్రకటన రావట్లేదేంట్రా" అని. అది ఫిర్యాదో మెచ్చుకోలో తెలియలేదు.

ఇక లినక్స్. ఆ మాట కింద మనం మూడు వేర్వేరు పొరల్ని కలిపేస్తాం. అడుగున ఉండేది కెర్నెల్. 1991లో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది అదే. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, వైఫైలతో మాట్లాడేది అది. పెదనాన్న జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో తిరిగేదీ ఆ కెర్నెలే, 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 పెద్ద సూపర్ కంప్యూటర్లన్నిటిలోనూ అదే. దాని మీద కావాల్సిన ప్రోగ్రాములు, అప్‌డేట్ల ఏర్పాటు, ఇన్‌స్టాలర్ అన్నీ కలిపి ఒక మూటగా కట్టి ఇచ్చేది డిస్ట్రో. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్ అవన్నమాట. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్ కూడా ఒకటుంది. మూడోది డెస్క్‌టాప్: కింద పట్టీ, మెనూ, కిటికీలు. ఫిషింగ్ హార్బర్‌లో వరసగా కట్టేసిన బోట్లని చూడండి. ఒకే రకం ఇంజన్ రకరకాల పడవల్లో ఉంటుంది, పైన రంగులు ఎవరివి వాళ్లవి. ఇంజన్ కెర్నెల్, పడవ డిస్ట్రో, రంగు డెస్క్‌టాప్.

ఏది వేసుకోవాలన్న చర్చలో పడితే తెల్లారిపోతుంది. విండోస్ అలవాటున్న మనిషికి, పాత మెషీన్‌కి నేను వేసేది లినక్స్ మింట్. 2006లో మొదలైంది, ఉబుంటు పునాది మీద నడుస్తుంది, మెనూ ఎడమ మూలనే ఉంటుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుందంటారు గానీ 4 ఉంటేనే హాయి. 4 జీబీ మెషీన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న మింట్ తీసుకోండి, 8 ఉంటే సినమన్. ఒక మాట కుండబద్దలు కొట్టి చెప్పాలి: తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే లినక్స్ ఒక్కటే వేసి అద్భుతాలు ఆశించొద్దు. ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. పెదనాన్న లాప్‌టాప్‌కి ప్రాణం పోసింది మింట్ కన్నా ఆ చిన్న డబ్బాయే.

ఎక్కించే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. మింట్ వెబ్‌సైట్ నుంచి సుమారు 3 జీబీల ఐఎస్ఓ ఫైలు (మింట్ అంతా ఒకే ఫైలుగా కట్టినది) దించుకుని, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. రాసే ముందు చెక్‌సమ్ సరిచూడమని అక్కడే ఉంటుంది, అందరూ దాటేస్తారు. దాటకండి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓని అసలుదాని స్థానంలో అంటించారు. చెక్‌సమ్ అంటే ఆ ఫైలు వేలిముద్ర. సైట్‌లో ఇచ్చినదానితో మీది ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి.

తరవాత ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ, మీ కంపెనీని బట్టి, నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి లేపితే మింట్ లైవ్‌గా తెరుచుకుంటుంది. ఇంకా డిస్క్ మీద ఏమీ రాయలేదు. ఇదే లినక్స్‌లో గొప్ప సౌకర్యం, కొనే ముందు చీర విప్పి చూసినట్టు. ఒక పూట దాన్లోనే కూర్చోండి. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా. పెదనాన్న దగ్గర వైఫై పట్టలేదు. కొన్ని పాత వైఫై చిప్పులకి డ్రైవర్ విడిగా కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెడితే నెట్ వచ్చింది, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే దానికి కావాల్సింది అదే చూపించింది. ఐదు నిమిషాల పని. కానీ ఆ ఐదు నిమిషాలు తెలియకే చాలామంది "లినక్స్‌లో నెట్ రాదు" అని వెనక్కి వెళ్లిపోతారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టెన్షన్ పడాల్సింది ఒక్క తెర దగ్గరే: విండోస్ పక్కన పెట్టాలా, డిస్క్ అంతా చెరిపెయ్యాలా అని అడిగే చోట. ఫోటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి ఎక్కించకుండా ఆ తెర దాకా రాకండి. పక్కపక్కన పెట్టుకుంటే ముందుగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ తీసెయ్యాలి, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి.

ఎక్కాక మారాల్సిన అలవాటు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్‌లో వెతికి, ఏదో సైట్‌లో పచ్చ బటన్ నొక్కి సెటప్ ఫైలు దించుకోవడం ఇక్కడ లేదు. ఫోన్‌లో ప్లే స్టోర్ లాగే సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉంటుంది, అప్‌డేట్లన్నీ ఒకేచోట వస్తాయి. ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది. క్రోమ్‌ని మాత్రం గూగుల్ సైట్ నుంచి డెబ్ ఫైలుగా దించుకుని రెండుసార్లు నొక్కాలి, ఆ తరవాత దాని అప్‌డేట్లూ మిగతావాటితో కలిసే వస్తాయి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో కనబడే క్రోమియం (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్) కూడా అదేగా అనుకోకండి. 2021 నుంచి క్రోమియంలో గూగుల్ అకౌంట్ సింక్ పనిచెయ్యదు.

ఇప్పుడు కాగితంలో మిగిలిన రెండు. ప్రింటర్ అదృష్టం మీద ఆధారపడింది. కొత్తవి చాలావరకు డ్రైవర్ అడక్కుండానే పట్టేస్తాయి, కొన్ని పాత చవక లేజర్ ప్రింటర్లు మాత్రం ప్రాణం తీస్తాయి. లైవ్‌లో ఉండగానే ఒక కాగితం ప్రింట్ తీసి చూసుకోండి.

తెలుగు సంగతే కాస్త నిదానంగా చెప్పాలి. టైప్ చెయ్యడం కష్టం కాదు. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ పద్ధతి సిద్ధం. ఎడమచేతి కింద అచ్చులు, గుణింతాలు, కుడిచేతి కింద ఎక్కువగా హల్లులు. "విశాఖ" అని రాయాలంటే బీ, ఎఫ్, షిఫ్ట్‌తో ఎం, ఈ, షిఫ్ట్‌తో కే. ఐదు నొక్కులు, అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు రావాలంటే ఐబస్, దానితో ఎం17ఎన్ అనే ప్రోగ్రాములు వేసుకోవాలి. అందులో ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంది, యాపిల్ లేఅవుట్ అలవాటున్నవాళ్లకి అదీ ఉంది. పోతన, వేమన ఫాంట్లూ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి.

చిక్కల్లా పాత ఉత్తరాలతో. పెదనాన్న సంఘం కాగితాలన్నీ పదేళ్లుగా అను ఫాంట్లలో ఉన్నాయి. అది యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి కాదు. లోపల ఉన్నవి వేరే గుర్తులు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే చీమలు పాకినట్టు కనబడుతుంది. పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపులు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి, వాళ్లకి లినక్స్ చెప్పను. ట్యాలీ మీద బతికే వ్యాపారికీ, ఫొటోషాప్, ఆటోక్యాడ్ వాడేవాళ్లకీ చెప్పను. అవి లినక్స్ కోసం చేసినవి కావు, ఏదో తిప్పలు పడి నడిపించవచ్చు గానీ రోజూ అన్నం పెట్టే పని మీద ప్రయోగాలు వద్దు. డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర మెషీన్ ఉన్నవాళ్లు తయారీదారు సైట్‌లో లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. పెన్షనర్ల జీవన్ ప్రమాణ్‌కి ఆ బాధ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ కెమెరాకి మొహం చూపిస్తే అయిపోతుంది.

అందుకే పెదనాన్నకి రెండూ ఉంచాను. రోజూ మింట్. పాత ఉత్తరం ఏదైనా కావాలంటే విండోస్, దానికి నెట్ లేదు. కొత్త ఉత్తరాలు వర్డ్ లాంటి లిబ్రె ఆఫీస్‌లో, యూనికోడ్‌లో. పది రోజులు ప్రశాంతంగా గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను.

"ఒరే, భోంచేసి కూర్చున్నాను. ఇదేమో పొద్దున్న ఎనిమిదంటాది. నీ లినక్సు నా విండోస్‌కి ఏదో మందు పెట్టిందిరా."

అప్పుడు టైము ఒంటిగంటన్నర. సరిగ్గా ఐదున్నర గంటల తేడా. మదర్‌బోర్డ్ మీద చిన్న గడియారం ఒకటి ఉంటుంది. లినక్స్ దాన్ని ప్రపంచ కాలమానంలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉంచి, చూపించేటప్పుడు కలుపుకుంటుంది. విండోస్ అదే గడియారాన్ని లోకల్ టైమ్ అనుకుని ఉన్నదున్నట్టు చదివేస్తుంది. నెట్ లేదు కాబట్టి తప్పు దిద్దుకోనూ లేదు. మింట్‌లోకి వెళ్లి టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైప్ చేసే కిటికీలో, టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇంగ్లీషులో కొట్టించాను, ఒక్కో అక్షరం ఫోన్‌లో చెబుతూ. ఆయన టెర్మినల్ తెరవడం అదే మొదలు, ఇప్పటిదాకా అదే చివర కూడా.

ఇప్పుడు రెండింటిలోనూ ఒకటే టైమ్. హాల్లో గోడ గడియారం మాత్రం ఎప్పట్లాగే ఐదు నిమిషాలు ముందుంటుంది, దాన్ని పెద్దమ్మ ముట్టుకోనివ్వదు.